పేగు గోడలో నీరు ఏ దారిన పోతుంది? కాంతి సూక్ష్మదర్శిని చెప్పిన జవాబు

ఎండాకాలం ముదిరితే కర్నూలులో మందుల దుకాణాల బల్లల మీదికి ఓఆర్‌ఎస్ పొట్లాలు వచ్చేస్తాయి. ఎండలో కూలికి వెళ్లేవారికీ, వడదెబ్బ తగిలిన పెద్దవారికీ, విరేచనాలతో నీరసించిన పిల్లలకూ అదే పొట్లం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2002లో సవరించిన సూత్రం ప్రకారం లీటరు నీటికి కావలసినది 20.5 గ్రాముల పొడి: గ్లూకోజు 13.5 గ్రాములు, ట్రైసోడియం సిట్రేట్ 2.9, మామూలు ఉప్పు 2.6, పొటాషియం క్లోరైడ్ 1.5. కలిపాక సోడియమూ గ్లూకోజూ చెరి 75 మిల్లీమోల్‌లు ఉంటాయి. గ్లూకోజు సోడియం కంటే తగ్గకూడదన్నది ఆ సూత్రంలోని నియమం. దానికి కారణం పేగు కణాల్లో ఉంది. చిన్నపేగు లోపలి పొరలోని కణాలు గ్లూకోజును ప్రధానంగా సోడియంతో జత కలిపే లోపలికి లాక్కుంటాయి. 1960లో ప్రాగ్ నగరంలో జరిగిన ఒక శాస్త్ర సమావేశంలో రాబర్ట్ క్రేన్ ఈ ఊహను బయటపెట్టాడు. కలరా విషం పేగు కణాల చేత నీటిని బయటికి పోయిస్తుంది గానీ, ఈ జోడు ద్వారాన్ని మాత్రం ముయ్యలేదు. అందుకే ఉప్పూ చక్కెరా కలిపిన నీరు తాగిస్తే కలరా రోగికి కూడా ఒంటికి పడుతుంది.

ఉప్పు వెళ్లిన చోటికి నీరు వెళుతుందని పాఠంలో ఒక్క ముక్కలో చెప్పేస్తాం. జంతుశాస్త్రం తరగతిలో ఈ మాట అన్నప్పుడల్లా ఎవరో ఒకరు లేచి అడుగుతారు: ఏ దారిన వెళుతుంది సార్, కణం లోపలి నుంచా, రెండు కణాల మధ్య సందులోంచా? చిన్నగా వినిపించినా ఈ ప్రశ్న పరిశోధకులను దశాబ్దాల పాటు కూర్చోనివ్వలేదు. లక్ష రెట్లు పెద్దది చేసి చూపగల ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని ఇక్కడ పెద్దగా అక్కరకు రాలేదు. దాని కింద పెట్టాలంటే కణాన్ని చంపి, రసాయనాలతో బిగించి, లోపలి నీరంతా తీసేయాలి. నీరు తీసేసిన కణంలో నీటి దారి ఎలా దొరుకుతుంది? జవాబుకు దగ్గరగా తీసుకెళ్లింది కాంతి సూక్ష్మదర్శిని, అంటే మన కళాశాలల బీరువాల్లో ఉండే పరికరానికి దగ్గరి చుట్టం.

ఉల్లిపొరలో కనిపించేది

ఈ విషయం అర్థం కావాలంటే ముందు ఒక ఉల్లిగడ్డ కోయాలి. కర్నూలు మార్కెట్ యార్డు నిండా అవే కాబట్టి మనకు కొదవ లేదు. ఎర్ర ఉల్లిగడ్డ తీసుకుని, రసం ఉన్న ఒక రేకు వెలుపలి వైపు నుంచి ఊదారంగు పొరను గోటితో సన్నగా ఒలవండి. తెల్లటి లోపలి పొర కాదు, రంగున్న పైపొరే కావాలి. దాన్ని స్లైడు మీద నీటి చుక్కలో పరిచి కవర్‌స్లిప్ వేసి, 10 రెట్ల కటకంతో సరిచూసుకుని 40కి మారితే ఇటుకలు పేర్చినట్టు కణాలు, ప్రతి కణం నిండా ఊదారంగు ద్రవం కనిపిస్తాయి.

ఇప్పుడు కవర్‌స్లిప్‌కు ఒక అంచున అయిదు శాతం ఉప్పునీటి చుక్క వేసి, ఎదుటి అంచున వడపోత కాగితం ముక్క ఆనించండి. కాగితం మంచినీటిని పీల్చుకుంటుంటే ఉప్పునీరు పొర కిందికి పాకుతుంది. కాసేపటికి కణం మూలల్లో రంగు గోడను వదిలి వెనక్కి జరుగుతుంది. మూలలు ముందు, ఆ తర్వాత పక్కలు. చివరికి రంగంతా మధ్యలో ముద్దలా చేరుతుంది. ఉప్పునీటిని తీసేసి మళ్లీ మంచినీరు పంపితే ఆ ముద్ద నెమ్మదిగా విచ్చుకుని గోడల్ని తాకుతుంది. దీన్ని కణద్రవ్య సంకోచం అని ఇంటర్మీడియట్ పుస్తకాల్లోనే చదివి ఉంటారు. పుస్తకం సాధారణంగా చెప్పని సంగతి ఒకటుంది. ముద్ద చిన్నదవుతున్న కొద్దీ దాని రంగు చిక్కబడుతుంది. రంగు పదార్థం బయటికి పోలేదు, నీరు మాత్రమే పోయింది. అంటే రంగు చిక్కదనం చూసి కణంలో ఎంత నీరు మిగిలిందో లెక్కకట్టవచ్చు. ఫోను కెమెరాను కంటి కటకానికి ఆనించి పది సెకన్లకొక ఫొటో తీసి, ముద్ద వైశాల్యాన్ని కాలంతో పాటు గీత గీస్తే నీరు ఎంత వేగంగా బయటికి వెళుతోందో కూడా దొరుకుతుంది. ప్రయోగశాలల్లో ఖరీదైన పరికరాలతో జరిగేదాని వెనుక ఉన్న ఆలోచన ఇదే: కణాన్నే కొలపాత్రగా వాడుకోవడం.

అయితే ఉల్లిపొరకు నాలుగు వైపులా ఒకే నీరు. పేగు పొరకు అలా కాదు.

రెండు ముఖాల కణం

పేగు, పిత్తాశయం, మూత్రపిండ నాళికలు, చెమట గ్రంథి, ఊపిరి గొట్టాలు వీటన్నిటి లోపలి గోడ ఉపకళా కణాల పలక. ఒక్కో కణానికి రెండు ముఖాలు. పైముఖం గొట్టం లోపలి ద్రవాన్ని చూస్తుంది, అడుగు ముఖం రక్తం వైపు చూస్తుంది. పక్కపక్క కణాలను పైభాగంలో బిగుతు సంధులు నడికట్టులా చుట్టి పట్టుకుంటాయి. ఆ సంధి కింద రెండు కణాల పక్కగోడల మధ్య సన్నటి సందు ఉంటుంది. ఈ పలక చేసే పని అసామాన్యం. మూత్రపిండాలు రోజుకు దాదాపు 180 లీటర్ల ద్రవాన్ని వడగడితే, మూత్రంగా బయటికొచ్చేది సుమారు లీటరున్నర. తాగినదీ, జీర్ణరసాలుగా ఊరినదీ కలిపి పేగులోకి రోజుకు సుమారు 9 లీటర్లు చేరితే, మలంతో పోయేది 200 మిల్లీలీటర్లు దాటదు. మిగిలినదంతా ఈ ఒక్క కణం మందం గల గోడను దాటుకుని వెనక్కి వస్తోంది.

దీనికి శక్తి ఇచ్చేది సోడియం–పొటాషియం పంపు. యెన్స్ స్కౌ 1957లో పీత నాడుల్లో దాని ఆనవాలు పట్టాడు. 1997లో నోబెల్ బహుమతి అందుకున్నాడు. కణం ఇంధనంగా వాడే ఏటీపీ అణువు ఒకటి ఖర్చు చేసి మూడు సోడియం అయాన్లను బయటికి నెట్టి, రెండు పొటాషియం అయాన్లను లోపలికి తెస్తుంది. పేగు, పిత్తాశయం, మూత్రపిండాల్లో ఈ పంపు అడుగు, పక్క గోడల్లోనే ఉంటుంది, పైముఖంలో ఉండదు. అందువల్లే సోడియం పైనుంచి లోపలికి జారి, కింది నుంచి బయటికి నెట్టబడుతుంది. ప్రవాహానికి ఒక దిశ ఏర్పడుతుంది.

ఈ దిశను మొదట పక్కాగా కొలిచింది విద్యుత్తుతో. డెన్మార్క్ శాస్త్రవేత్త హాన్స్ ఉసింగ్ కప్ప చర్మాన్ని రెండు ద్రవపు గదుల మధ్య తెరలా బిగించి, దాని గుండా ప్రవహించే విద్యుత్తు నికరంగా దాటే సోడియంతో సరిపోతుందని 1951లో చూపించాడు. ఆ గది పేరు నేటికీ ఉసింగ్ గదే. గొప్ప ప్రయోగం. కానీ దాని చూపు యార్డు రెండు గేట్ల దగ్గర కూర్చుని లోపలికొచ్చే లారీలనూ బయటికెళ్లే లారీలనూ లెక్కపెట్టే మనిషి చూపు లాంటిది. మొత్తం ఎంత దాటిందో చెప్పగలదు. లోపల సరుకు ఏ షెడ్డులోంచి ఏ షెడ్డుకు మారిందో చెప్పలేదు.

పిత్తాశయం పెట్టిన చిక్కు

చిక్కు ఎక్కడొచ్చిందంటే, పిత్తాశయంలో. అక్కడ కణాలు పీల్చి అవతలికి పంపే ద్రవం ఉప్పుదనం, ఇవతల ఉన్న ద్రవం ఉప్పుదనంతో దాదాపు సమానం. ద్రవాభిసరణ జరగాలంటే గాఢతలో తేడా ఉండాలి కదా. రెండు వైపులా ఒకే గాఢత ఉంటే నీటిని లాగుతున్నది ఏమిటి?

1967లో జేర్డ్ డైమండ్, విలియం బాసర్ట్ ఒక దారి సూచించారు. పంపులు ఉప్పును కణాల మధ్య సందుల్లోకి తోస్తాయి. సందు పొడవుగా, ఇరుకుగా, ఒక కొన మూసి ఉంటుంది కాబట్టి ఉప్పు అక్కడ చిక్కబడుతుంది. ఆ చిక్కదనమే నీటిని లాగుతుంది. రెండూ కలిసి తెరిచి ఉన్న కొన వైపు సాగేసరికి ద్రవం మళ్లీ మామూలు గాఢతకు వస్తుంది. పీల్చే పనిలో ఉన్న పిత్తాశయాల్లో సందులు వెడల్పుగానూ, పని ఆపిన వాటిలో మూసుకుపోయిగానూ ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని ఫొటోల్లో కనిపించాయి కూడా. ఊహ అందంగా ఉంది. అయితే ఆ ఫొటోల్లోవి బిగించిన కణజాలాలు. బిగించే రసాయనమే సందుల వెడల్పును మార్చలేదని ఎవరు హామీ ఇవ్వగలరు? సందులో ఉప్పు ఎంత చిక్కబడాలన్నది మరో ప్రశ్న. అది కణత్వచం నీటిని ఎంత సులువుగా వదులుతుందన్న దాని మీద ఆధారపడుతుంది. నీటికి త్వచం పెద్ద అడ్డంకి అయితే సందులో చాలా ఉప్పు కావాలి. అడ్డంకి తక్కువైతే చిటికెడు తేడా చాలు. బతికున్న కణంలో ఆ అడ్డంకిని కొలవాలి.

కనిపించని దానిని చూడటం

ఉల్లిపొరకు తనదైన రంగు ఉంది. పిత్తాశయ కణానికి లేదు. అది గాజులా పారదర్శకం. మామూలు సూక్ష్మదర్శినిలో పెడితే అంచులే ఆనవు. కణం కాంతిని మింగదు, కొంచెం ఆలస్యం చేస్తుంది, అంతే. ఆ ఆలస్యాన్ని మన కన్ను గుర్తించలేదు. డచ్చి శాస్త్రవేత్త ఫ్రిట్స్ జెర్నికే కనిపెట్టిన దశాభేద పద్ధతి ఆ ఆలస్యాన్ని వెలుగు నీడలుగా మార్చింది. 1953 నోబెల్ బహుమతి దానికే. జార్జ్ నోమార్‌స్కీ పద్ధతి ఇంకో అడుగు ముందుకేసింది. ధ్రువిత కాంతిని ఒక పట్టకంతో రెండుగా చీల్చి, వెంట్రుక మందంలో వందల వంతు దూరంలో పక్కపక్కనే కణం గుండా పంపి, మళ్లీ కలుపుతారు. రెండిటి ఆలస్యంలో తేడా ఉన్న చోట, అంటే అంచుల దగ్గర, ఉబ్బెత్తు బొమ్మలా వెలుగు నీడలు తేలతాయి. ఈ పద్ధతిలో అసలు మేలు వేరే ఉంది. ఎక్కువ ద్వార సంఖ్య (కటకం ఎంత వెడల్పు కోణం నుంచి కాంతిని పోగుచేస్తుందో చెప్పే అంకె) గల కటకంతో చూసినప్పుడు ఒక పలుచని తలం మాత్రమే స్పష్టంగా ఉంటుంది, పైవీ కిందివీ మసకబారతాయి. అంటే కత్తి పెట్టకుండానే, చంపకుండానే, కణాన్ని కాంతితో పొరలుగా కోయవచ్చు.

అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల్లో కెన్నెత్ స్ప్రింగ్ బృందం 1970ల చివర, 1980ల మొదట్లో ఈ పద్ధతిని పిత్తాశయం మీద ప్రయోగించింది. వారు ఎంచుకున్నది నెక్ట్యూరస్ అనే ఉభయచర జీవి. దాని కణాలు పెద్దవి, పిత్తాశయం గోడ పలుచన. ఉసింగ్ గదిని బుల్లిగా చేసి సూక్ష్మదర్శిని బల్ల మీద అమర్చారు. పైముఖం వైపూ అడుగు వైపూ వేర్వేరు ద్రవాలు ప్రవహిస్తాయి, ఏ వైపు ద్రవాన్నైనా క్షణాల్లో మార్చవచ్చు. వీడియో కెమెరా పెట్టి, నాభీతలాన్ని మెట్టుమెట్టుగా కిందికి దించుతూ, ఒక్కో మెట్టులో కణం ఆకృతిని రికార్డు చేశారు. ప్రతి పొర వైశాల్యాన్ని పొర మందంతో గుణించి అన్నిటినీ కూడితే కణం ఘనపరిమాణం వస్తుంది.

ఈ లెక్క ఎంత సున్నితమైనదో చూడండి. ఉదాహరణకు 16 మైక్రోమీటర్ల వ్యాసం, 30 మైక్రోమీటర్ల ఎత్తు గల కణం అనుకుందాం. వైశాల్యం సుమారు 200 చదరపు మైక్రోమీటర్లు, ఘనపరిమాణం 6000 ఘన మైక్రోమీటర్లు, అంటే లీటరులో లక్ష కోట్ల వంతులు ఆరు. అది పది శాతం ఉబ్బిందో లేదో తేల్చాలి. ఇప్పుడు అంచును గీయడంలో పావు మైక్రోమీటరు తప్పు జరిగిందనుకోండి. వ్యాసార్ధం 8 బదులు 8.25 అవుతుంది, వైశాల్యం ఆరు శాతం పెరిగిపోతుంది! కాంతి సూక్ష్మదర్శిని ఎంత మంచిదైనా పావు మైక్రోమీటరుకు కాస్త అటూ ఇటూ ఉన్న వివరం దగ్గరే ఆగిపోతుంది. ఎర్న్‌స్ట్ అబ్బే 1873లోనే ఈ హద్దు చెప్పాడు. 550 నానోమీటర్ల ఆకుపచ్చ కాంతిలో, 1.4 ద్వార సంఖ్య ఉన్న నూనె కటకానికి (స్లైడుకూ కటకానికీ మధ్య నూనె చుక్క వేసి వాడేది) అది 0.2 మైక్రోమీటరు. మన కళాశాలల్లో ఉండే 40 రెట్ల కటకం ద్వార సంఖ్య సాధారణంగా 0.65, దాని హద్దు 0.42. మరి కొలత ఎలా నమ్మాలి? తప్పు ప్రతిసారీ ఒకే వైపు, ఒకే మేరకు జరిగితే అది మార్పులో పెద్దగా కనిపించదు. కణం అసలు పరిమాణం ఆరు శాతం తప్పు కావచ్చు. అదే కణం అర నిమిషంలో ఎంత శాతం ఉబ్బిందన్నది అంతకంటే చాలా నమ్మదగినది. నా దృష్టిలో ఈ పద్ధతి బలమంతా ఇక్కడే ఉంది. ఒకే కణాన్ని వదలకుండా చూస్తూ, దానిని దానితోనే పోల్చడం.

ఉబ్బిన కణం చెప్పిన సంగతులు

ఒక వైపు ద్రవాన్ని హఠాత్తుగా పలుచన చేస్తే కణం ఉబ్బుతుంది. మొదటి క్షణాల్లో ఎంత వేగంగా ఉబ్బిందో చూస్తే ఆ వైపు త్వచం నీటిని ఎంత వదులుతుందో తెలుస్తుంది. 1982లో స్ప్రింగ్, ఆయన సహచరుడు బో-ఎరిక్ పర్సన్ ప్రచురించిన ఫలితం ఇలా కొలిచినదే. రెండు ముఖాలూ నీటికి చాలా సులువుగా దారి ఇస్తున్నాయి. ఎంత సులువుగా అంటే, పిత్తాశయం మామూలుగా పీల్చే ద్రవమంతా కణం గుండా వెళ్లడానికి ఒక్కో త్వచానికి ఇరువైపులా ఒకటి నుంచి రెండున్నర మిల్లీ ఆస్మోల్‌ల (నీటిలో కరిగిన కణాల మొత్తం గాఢతకు కొలమానం) గాఢత తేడా ఉంటే చాలు. మొత్తం గాఢతలో అది ఒక శాతానికి కాస్త అటూ ఇటూ. పీల్చిన ద్రవాన్ని గిన్నెలో పట్టి పరీక్షిస్తే ఆ కొద్దిపాటి తేడా అందదు, సమానంగానే కనిపిస్తుంది. చిక్కుముడి అలా వదులైంది. ‘సమాన గాఢత’ అనుకున్నది నిజానికి ‘దాదాపు సమానం’, ఆ దాదాపులోనే నీటిని లాగే శక్తి ఉంది. ఒకటి రెండు మిల్లీ ఆస్మోల్‌లంటే తక్కువేమీ కాదు. శరీర ఉష్ణోగ్రత దగ్గర ఒక్క మిల్లీ ఆస్మోల్ తేడా 19 మిల్లీమీటర్ల పాదరసపు పీడనానికి సమానం.

త్వచం కొవ్వు పొర కదా, నీటికి అంత సులువు ఎలా అన్న సందేహానికి పదేళ్ల తర్వాత జవాబొచ్చింది, అదీ ఉబ్బడం చూసే. పీటర్ ఆగ్రే బృందం ఎర్ర రక్తకణాల నుంచి గుర్తించిన ఒక ప్రోటీన్ ఆర్‌ఎన్‌ఏను ఆఫ్రికా కప్ప అండంలోకి ఎక్కించి, ఆ అండాన్ని పలుచని ద్రవంలో వేసింది. మామూలు అండం దాదాపు అలాగే ఉంది. ఎక్కించిన అండం నిమిషాల్లో ఉబ్బి పగిలిపోయింది. 1992లో నీటి ద్వారం ఆక్వాపోరిన్ ఇలా తేలింది. 2003లో ఆగ్రేకు నోబెల్ వచ్చింది.

నీటి సంగతి సరే, ఉప్పు సంగతి? దానికీ ఘనపరిమాణమే సాక్ష్యం. ఔబైన్ అనే మందుతో అడుగున ఉన్న పంపును ఆపేస్తే, పైముఖం నుంచి ఉప్పు వస్తూనే ఉంటుంది, బయటికి పోయే దారి ఉండదు. ఉప్పు వెంట నీరు చేరి కణం ఉబ్బుతుంది. ఉబ్బే వేగమే ఉప్పు లోపలికొచ్చే వేగం. ఇంకో ముచ్చట కూడా ఈ కొలతల్లోనే బయటపడింది. పలుచని ద్రవంలో ఉబ్బిన కణాన్ని అలాగే వదిలేస్తే, బయట ద్రవం పలుచగానే ఉన్నా, కొన్ని నిమిషాల్లో తనంతట తాను మామూలు సైజుకు వచ్చేస్తుంది. లోపలి పొటాషియాన్నీ క్లోరైడ్‌నూ బయటికి వదిలి, వాటితో నీటిని సాగనంపుతుంది. భోజనం చేసిన ప్రతిసారీ పేగు కణాల మీదికి చక్కెరా ఉప్పూ ఒక్కసారిగా వచ్చిపడతాయి. ఈ సర్దుబాటు లేకపోతే ఆ కణాలు నిలబడలేవు.

సందులోంచా, కణంలోంచా

ఇక విద్యార్థుల ప్రశ్న. కణం గుండా నీరు వెళ్లగలదని తేలింది. బిగుతు సంధుల గుండా కూడా వెళుతోందా? దీనికి స్ప్రింగ్ బృందం కుక్క మూత్రపిండపు కణాలను వాడింది. 1958లో మాడిన్, డార్బీ వేరు చేసిన ఈ కణాలు నేటికీ ప్రపంచమంతటా ప్రయోగశాలల్లో పెరుగుతున్నాయి. గాజు మీద పెంచితే ఇవి ద్రవాన్ని కిందికి తోస్తూనే ఉంటాయి, ఆ ద్రవం పోయే దారి లేక పలక అక్కడక్కడ గుమ్మటాల్లా పైకి లేస్తుంది. మామూలు దశాభేద సూక్ష్మదర్శినిలో ఆ గుమ్మటాలు స్పష్టంగా కనిపిస్తాయి. ద్రవ రవాణా అనే మాటకు ఇంతకంటే ప్రత్యక్షమైన రుజువు లేదు.

ఈ కణాల మధ్య సందుల్లో కాంతిని వెదజల్లే రంగు నింపి, నీరు అటుగా కదిలితే రంగు ఎలా పలచబడుతుందో కొలిచారు. బిగుతు సంధుల గుండా నీరు చెప్పుకోదగినంత రావడం లేదని 1998లో ప్రకటించారు. దారి కణం లోపలి నుంచే. అయితే ఇది అన్ని ఉపకళలకూ వర్తించే తీర్పు కాదు. క్లాడిన్-2 అనే సంధి ప్రోటీన్ సోడియంతో పాటు నీటిని కూడా సందులోంచి పోనిస్తుందని 2010లో జర్మనీ పరిశోధకులు చూపారు. ఆ ప్రోటీన్ మూత్రపిండ నాళిక మొదటి భాగంలో సమృద్ధిగా ఉంది. అందుకే నేను విద్యార్థులకు ఇచ్చే జవాబు: ఏ అవయవమో చెప్పండి, దారి చెబుతాను. పేగు విషయంలో ఇప్పటికీ వాదన నడుస్తూనే ఉంది.

అయాన్లకు రంగు వేయడం

సోడియం అయాన్ ఎంత పెద్దది చేసినా కనిపించదు. దానికి కాపలాగా ఒక రంగు అణువును పెట్టాలి. ఒక తరంగదైర్ఘ్యపు కాంతిని పీల్చి, దానికంటే పొడవైన తరంగదైర్ఘ్యంలో తిరిగి వెలువరించడాన్ని ప్రతిదీప్తి అంటాం. మలేరియా మందు క్వినైన్ ద్రావణంలో ఆ నీలి మెరుపును వివరించి 1852లో దానికి పేరు పెట్టింది జార్జ్ స్టోక్స్. క్లోరైడ్ అయాన్లు తగిలితే క్వినైన్ మెరుపు తగ్గుతుంది. ఆ గుణాన్నే పట్టుకుని, క్వినైన్ కుదురుకే చెందిన ఎస్‌పీక్యూ అనే రంగును కణాల్లో క్లోరైడ్ కొలవడానికి 1980లలో వాడుకలోకి తెచ్చారు. కణంలో క్లోరైడ్ పెరిగితే మెరుపు తగ్గుతుంది, తగ్గితే పెరుగుతుంది.

ఇక్కడ ఉల్లిపొరలో చూసిన తంటాయే ఎదురవుతుంది. కణం ఉబ్బితే రంగు పలచబడుతుంది, మెరుపు తగ్గుతుంది. అది అయాన్ వల్లా, నీటి వల్లా? రోజర్ చెన్ బృందం 1985లో దీనికి చక్కని విరుగుడు చూపింది. కాల్షియాన్ని పట్టుకునే ఫ్యూరా-2 అనే రంగును 340, 380 నానోమీటర్ల కాంతితో మార్చి మార్చి వెలిగిస్తారు. కాల్షియం చేరితే మొదటి దానికి మెరుపు పెరుగుతుంది, రెండో దానికి తగ్గుతుంది. రంగు పలచబడితే మాత్రం రెండూ ఒకే వంతున తగ్గుతాయి. కాబట్టి ఒకదాన్ని రెండోదానితో భాగిస్తే నీటి ప్రభావం కొట్టుకుపోయి అయాన్ సంగతి మిగులుతుంది. సోడియానికీ ఆమ్లత్వానికీ ఇలాంటి నిష్పత్తి రంగులే వచ్చాయి. వాటితో కణం లోపలే కాదు, కణాల మధ్య సందుల్లో కూడా సోడియం ఎంతుందో కొలవగలిగారు.

దీనికి ఖర్చు లేకపోలేదు. అతినీలలోహిత కాంతి కణానికి మంచిది కాదు. ఎక్కువసేపు వెలిగిస్తే రంగు మాడుతుంది, కణం కూడా దెబ్బతింటుంది. దెబ్బతిన్న కణం ఉబ్బుతుంది, ఆ ఉబ్బును మనం ఫలితం అనుకుంటాం. రంగును మరీ ఎక్కువ నింపితే అది అయాన్లను తనే పట్టేసుకుని కొలవాల్సిన దాన్నే మార్చేస్తుంది. నూనె కటకం స్లైడును తాకుతూ వేడిని లాగేస్తుంది కాబట్టి 37 డిగ్రీలు ఉండాల్సిన కణం చల్లబడుతుంది. రంగుల బొమ్మలు ఎంత అందంగా ఉన్నా, పోల్చడానికి మందు వేయని కణాల కొలత పక్కన లేకపోతే నేను నమ్మను.

చెమట, ఊపిరి, మందు

రాయలసీమ ఎండలో మన చర్మం చేసేది కూడా ఉపకళా రవాణాయే. చెమట గ్రంథి చుట్టలో పుట్టే ద్రవం మొదట రక్తమంత ఉప్పగా ఉంటుంది. నాళంలో పైకి వస్తూ ఉండగా కణాలు సోడియాన్నీ క్లోరైడ్‌నూ వెనక్కి లాక్కుంటాయి. నాళం నీటిని అంతగా వదలదు కాబట్టి చర్మం మీదికి పలుచని చెమట వస్తుంది. ఈ పొదుపు లేకపోతే ఎండలో పొలం పని చేసేవారి ఒంట్లో ఉప్పు నిలవదు. సిస్టిక్ ఫైబ్రోసిస్ అనే పుట్టుకతో వచ్చే జబ్బులో జరిగేది అదే. నాళం క్లోరైడ్‌ను పోనివ్వడం లేదని పాల్ క్వింటన్ 1983లో చూపించాడు. లోపం ఉన్న సీఎఫ్‌టీఆర్ జన్యువు 1989లో దొరికింది. అది చేసే ప్రోటీన్ క్లోరైడ్ ద్వారం. కలరా విషం పేగులో హద్దు లేకుండా తెరిపించేది కూడా ఈ ద్వారాన్నే.

ఊపిరితిత్తుల్లో ఈ ద్వారం పనిచేయకపోతే గొట్టాల మీది ద్రవపు పొర ఎండిపోతుంది. ఆ పొర మామూలుగా ఏడు మైక్రోమీటర్ల ఎత్తే, ఎర్ర రక్తకణం వ్యాసమంత. అంత పలుచని పొరను తాకి కొలవడం కుదరదు. ద్రవంలో ప్రతిదీప్తి రంగు కలిపి, ఆవిరి కాకుండా పైన నీటిలో కలవని ద్రవం కప్పి, ఒక్క తలం నుంచి వచ్చే కాంతినే పట్టే కాన్‌ఫోకల్ సూక్ష్మదర్శినితో నిలువుగా కోసిన బొమ్మ తీస్తారు. లోపం లేని కణాలు ఎక్కువైన ద్రవాన్ని పీల్చి ఆ ఎత్తు దగ్గర ఆపుతాయి. లోపం ఉన్నవి ఆపలేక పొరను ఇంకా పలచబరుస్తాయి.

ఈ ద్వారాన్ని బాగుచేసే మందుల వేటలో వేలకు వేల సమ్మేళనాలను ప్రతిదీప్తి పరీక్షలతోనే జల్లించారు. వాటిలో మొదటిది ఐవకాఫ్టర్, 2012లో అమెరికాలో అనుమతి పొందింది. అయితే ఈ జన్యువులో లోపాలు ఒకటీ రెండూ కాదు, ఏ మందు ఏ రోగికి పనిచేస్తుందో జన్యువు చూసి ప్రతిసారీ చెప్పలేం. 2013లో నెదర్లాండ్స్ పరిశోధకులు ఒక పరీక్ష ప్రకటించారు. రోగి పెద్దపేగు చివరి నుంచి మినపగింజంత ముక్క తీసి, దానిలోని మూలకణాలను జెల్లీలో పెంచుతారు. అవి నడుమ ఖాళీ ఉన్న చిన్న బంతుల్లా ఎదుగుతాయి. ఫోర్‌స్కోలిన్ అనే పదార్థం వేస్తే ద్వారాలు తెరుచుకుని బంతి లోపలికి క్లోరైడ్, వెంట నీరు చేరి బంతి ఉబ్బుతుంది. ఆ ఫోర్‌స్కోలిన్ మన దేశంలో పెరిగే కోలియస్ మొక్క వేరులోనిది. ఆరోగ్యవంతుల కణాలతో చేసిన బంతులు గంటలోపే స్పష్టంగా ఉబ్బుతాయి. తీవ్రమైన లోపం ఉన్నవి దాదాపు కదలవు. మందు వేశాక ఉబ్బితే, ఆ రోగికి ఆ మందు పనిచేసే అవకాశం ఉందన్నమాట. ప్రయోగశాలలో వందల బంతుల వైశాల్యాన్ని పది నిమిషాలకోసారి కొలుస్తున్నది కాంతి సూక్ష్మదర్శినే.